అడ్డుపలక

సందూరు కొండల్లో ఏప్రిల్, మే నెలల గాలివాన ఎక్కువగా సాయంత్రం పూటే వస్తుంది. పగలంతా కాగిన ఎర్రమట్టి మీద ముందు గాలి లేస్తుంది, వెంటనే దుమ్ము, ఆ తర్వాత చినుకులు, ఒక్కో ఏడు వడగళ్ళు. అది వెళ్ళిపోయాక తారానగర్ వీధుల్లోకి వచ్చి చూస్తే ఎవరింటికి ఏమైందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకరి పైకప్పు రేకు పక్కవాళ్ళ పశువుల కొట్టం ముందు పడి ఉంటుంది. ఇంకొకరి కిటికీ రెక్క ఒక్క బందు మీద వేలాడుతుంటుంది. కరెంటు ఉండదు. చీకటి పడుతూ ఉంటుంది. ఉరుము ఇంకా పూర్తిగా పోలేదు. వడ్రంగి తెల్లారితే గానీ రాడు. అద్దం బళ్ళారి నుంచో హోసపేట నుంచో రావాలి. ఇంట్లో పసిపిల్ల ఉంది, ముసలామె ఉంది, కిటికీ ఉండాల్సిన చోట మూరెడు వెడల్పున ఆకాశం ఉంది.

ఆ ఒక్క రాత్రి గురించి రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. ఇల్లు కట్టడం గురించి మనవాళ్ళు చాలా చెప్పారు. వాస్తు చెప్పారు, ముహూర్తం చెప్పారు, గడపకు పసుపు ఎలా రాయాలో చెప్పారు. విరిగినదాన్ని తెల్లారేదాకా ఎలా మూసి ఉంచాలన్నది మాత్రం ఎక్కడా రాసిపెట్టినట్టు కనబడదు. అది తెలిసినవాళ్ళ చేతుల్లోనే ఉండిపోయింది. మరమ్మత్తు ఒక విద్య, మూయడం మరో విద్య అని నేను నమ్ముతున్నాను. రెండోదానికి మనం ఇవ్వాల్సిన విలువ ఇవ్వడం లేదు.

మా వైపు ఇలాంటి పనికి రాత్రివేళ పిలిచినా వచ్చే వడ్రంగి మాత్రం ఒకాయన ఉన్నాడు. ఇక్కడి అందరిలాగే తెలుగూ కన్నడమూ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడతాడు. వచ్చీరాగానే ఆయన అనే మాట ఒక్కటే: “ముందు మూసేద్దాం సార్. సొగసు సంగతి బెళిగ్గె చూస్కుందాం.” బెళిగ్గె అంటే తెల్లారాక. పనిలోకి దిగాక మాత్రం తొందర కనిపించదు. మొదట పోయిన అద్దాన్ని కాదు, చట్రంలో మిగిలిపోయిన అద్దాన్ని చూస్తాడు. పై అంచున పళ్ళలా నిలబడిన ముక్కలు ముందు తీస్తాడు, కింది ముక్కలు చివర. కింద చేయి పెట్టి పని చేస్తుండగా పైనుంచి ముక్క జారితే మణికట్టు తెగుతుందని చూసి నేర్చుకున్నవాడు. చేతికి మడిచిన గోనెపట్ట, కాలికి మూసిన చెప్పులు. నేలమీది పెద్ద ముక్కలు ఏరాక చీపురుతో వదిలేయడు. తడిగుడ్డ పరిచి అద్దుతాడు, సన్నటి పెంకులు దానికి అంటుకుని వస్తాయి. ఆ గుడ్డ మళ్ళీ వాడడు, పారేస్తాడు.

తర్వాత చెక్క. కంత కొలతకు సరిగ్గా కోసిన చెక్క పనికిరాదు, నాలుగు వైపులా నాలుగేసి వేళ్ళు ఎక్కువ ఉండాలి. మేకు గోడ గారలో దిగకూడదు. తడిసిన గార మేకును పట్టుకోదు, గాలి రెండోసారి కొట్టేసరికి చెక్కతోపాటు పెచ్చు కూడా ఊడి వస్తుంది. మేకు చట్రం కర్రలోకే దిగాలి. ఇప్పుడు చాలా ఇళ్ళకు అల్యూమినియం చట్రాలే, వాటికి మేకు దిగదు. అప్పుడు కిటికీకి బయట ఒక అడ్డకర్ర, లోపల ఒక అడ్డకర్ర పెట్టి, రెంటినీ పొడుగు బోల్టులతో కలిపి, నట్టు లోపలి నుంచి బిగిస్తాడు. గోడకు ఒక్క చిల్లు పడదు, బయటివాడు విప్పలేడు, మనకు కావలసినప్పుడు నిమిషాల్లో విప్పుకోవచ్చు. అమెరికాలో ఖాళీ ఇళ్ళ కిటికీలకు చెక్కలు బిగించేవాళ్ళ పద్ధతి కూడా ఇదే. మా వడ్రంగికి ఆ సంగతి తెలియదు. అవసరం ఒకటే అయినప్పుడు చేతులు ఒకే దారి పట్టాయి, అంతే.

ప్లాస్టిక్ పట్ట కప్పాల్సి వస్తే పై అంచు కిటికీ పైకి చాలా దూరం వెళ్ళాలి. కింది పట్ట ముందు, పై పట్ట దానిమీదికి వచ్చేలా తర్వాత. క్రమం తప్పితే నీళ్ళు అతుకులోంచి నేరుగా మంచం మీదికి వస్తాయి. ఇంకో జాగ్రత్త ఉంది, దాన్ని నేను అన్నిటికన్నా పెద్దదిగా చూస్తాను: ఎన్ని మూసినా మనిషి బయటికి పోవడానికి ఒక దారి తెరిచే ఉంచాలి. కరెంటు లేని రాత్రి, లోపల దీపమో కొవ్వొత్తో వెలుగుతుండగా, అన్ని వైపులా చెక్కలు కొట్టుకుని కూర్చోవడం వానకన్నా ప్రమాదం. మూసేముందు ఫోన్‌లో నాలుగు ఫోటోలు తీసుకోవడం కూడా అవసరమే. పంచనామాకు వచ్చిన అధికారికి తెల్లారి మనం చూపించగలిగేది చక్కగా మూసిన కిటికీ ఒక్కటే, పరిహారం మాత్రం పగిలిన కిటికీకి రావాలి.

ఇంత శ్రమ ఒక్క రాత్రికా అని అడిగేవాళ్ళుంటారు. కిటికీ గుండా వచ్చేది వాన మాత్రమే అయితే ఆ ప్రశ్న సరైనదే, నాలుగు బకెట్లు పెట్టుకుంటే సరిపోయేది. వచ్చేది గాలి. గాలికి ఎదురుగా ఉన్న గోడలో కంత పడగానే లోపలికి దూరిన గాలి నాలుగు గోడలనూ, పైకప్పునూ లోపలి నుంచి నెడుతుంది. అదే సమయంలో కప్పు మీదుగా పోయే గాలి దాన్ని పైకి లాగుతుంటుంది. నెట్టే బలం, లాగే బలం ఒకేవైపు కలిసిపోతాయి. రేకుల ఇల్లు లేచిపోవడానికి చాలాసార్లు మొదటి కారణం రేకు కాదు, దాని కింద తెరుచుకున్న కిటికీ. పైగా గాలి వేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఇంజనీర్లు వాడే లెక్క ప్రకారం గంటకు 180 కిలోమీటర్ల గాలి ఒక చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల బరువుతో ఒరుగుతుంది. మామూలు కిటికీ రెక్క మీద ఇద్దరు మనుషులు భుజాలు ఆనించి తోస్తున్నట్టు అన్నమాట.

విశాఖపట్నం ఆ ఒత్తిడిని 2014 అక్టోబరు 12న చూసింది. హుద్‌హుద్ తుఫాను నేరుగా నగరం మీదే తీరం దాటింది. అంతకుముందు మన తుఫాన్ల కథలు చాలావరకు పల్లెల కథలే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది ఉప్పెన. హుద్‌హుద్ అపార్టుమెంట్లున్న, అద్దాల భవనాలున్న పెద్ద నగరం మీదికి వచ్చింది. విమానాశ్రయం పైకప్పు ఛిద్రమైంది. మెరిసే అద్దాల గోడలున్న కార్యాలయాలు సాయంత్రానికి అస్థిపంజరాల్లా నిలబడ్డాయి. ఇళ్ళలో జనం బాల్కనీ తలుపులకు మంచాలు, బీరువాలు అడ్డం పెట్టి వీపులు ఆనించి నిలబడ్డారు. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు. ఆ రోజుల్లో నగరానికి కావలసినవాటిలో పాలు, కొవ్వొత్తులు, డీజిల్‌తోపాటు కిటికీలకు అడ్డం పెట్టడానికి ఏదో ఒకటి కూడా ఉంది. ఆ చివరిది మాత్రం సహాయ సామగ్రి జాబితాల్లో నాకు కనబడలేదు. తుఫాను హెచ్చరికల్లో సముద్రంలోకి వెళ్ళొద్దంటారు, పాత ఇళ్ళలోంచి వచ్చేయమంటారు. కిటికీలకు చెక్కలు బిగించుకోండని చెప్పేవాళ్ళు తక్కువ, బిగించుకోవడానికి చెక్కలున్న ఇళ్ళు ఇంకా తక్కువ.

ఒకప్పుడు ఉండేవి. పాత మండువా ఇళ్ళ కిటికీకి అద్దం ఉండేది కాదు, కర్ర రెక్కలే ఉండేవి. వీధి తలుపుకు గడియతోపాటు గోడల్లో తొలిచిన కంతల్లోకి జరిపే అడ్డమాను ఒకటి ఉండేది. పగలు అది గోడలోనే దాగి ఉండేది. ఇక అంగళ్ళ సంగతి ఇంకా గొప్పది. ఇనుప షట్టర్లు రాకముందు ఆదోనిలో, బళ్ళారిలో, గుంతకల్లులో కొట్టు మూయాలంటే పలకలే. కింద గడపలో ఒక గాడి, పైన ఒక గాడి. నిలువు పలకలు ఒక్కొక్కటే అందులోకి దింపి పక్కకు జరుపుకుంటూ పోతారు. పలకపలకకూ అంకె. మూడోది నాలుగో స్థానంలో పట్టదు. చివరి పలకకు అడ్డం ఇనుప పట్టీ, దానికి తాళం. ఇంత పెద్ద వాకిలిని ఒక మనిషి ఒంటిచేత్తో మూయగలిగేవాడు, ఎందుకంటే అతను వాకిలిని మోయడం లేదు, ఒక్కో పలకనే మోస్తున్నాడు.

అద్దం మన ఇళ్ళలోకి వెలుగు తెచ్చింది, దాన్ని తప్పుపట్టను. తారానగర్ లాంటి చోట, ఖనిజం లారీలు లేపే ఎర్రదుమ్ముకు అడ్డంగా కిటికీ మూసుకుని కూడా పుస్తకం చదువుకోగలుగుతున్నామంటే అద్దం పుణ్యమే. కానీ అద్దం వచ్చినప్పుడు దాని వెనకాల రెండో కాపలా కూడా రావాల్సింది. జపాన్‌వాళ్ళు ఆ తెలివి వదల్లేదు. వాళ్ళ పాత ఇళ్ళ కాగితపు తలుపులకు బయట ‘అమాదో’ అనే చెక్క పలకలుంటాయి. గాలివాన రాబోతుంటే గాడి వెంట జరిపి వరసగా మూసేస్తారు. మిగతా రోజుల్లో అవి గోడ చివర ఉండే ఒక చెక్క పెట్టెలో నిలబడి ఉంటాయి. ప్రమాదం వచ్చాక పలక కోసం వెతకడం ఉండదు, ఇల్లు కట్టిననాడే పలక చోటు కూడా కట్టేశారు.

ఇంటి కిటికీ దగ్గర మొదలైన ఈ ఆలోచన నన్ను 2024 ఆగస్టులో మా కొండల అవతలికి, తుంగభద్ర దాకా తీసుకెళ్ళింది. మా ఊరి పక్కన నారిహళ్ళ మీద ఒక చిన్న జలాశయం ఉంది. దాని గట్టున నిలబడితే నీళ్ళను తలుపు వెనక ఉంచడమంటే ఏమిటో కొంచెం అర్థమవుతుంది. హోసపేట దగ్గరిది వేరే లోకం. మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు కలిసి 1945లో మొదలుపెట్టి, 1953లో నీళ్ళు వదిలిన ఆనకట్ట. రాతి కట్టడం, మీద 33 క్రస్ట్ గేట్లు. ఒక్కోటి 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. బళ్ళారి, రాయచూరు, కొప్పళ వరిమళ్ళు, ఎగువ కాలువ కింద అనంతపురం, దిగువ కాలువ కింద కర్నూలు పొలాలు, ఇటు రాజోలిబండ కింద పాలమూరు, అన్నీ ఆ తలుపుల వెనక ఉన్న నీళ్ళమీదే బతుకుతాయి. 1953లోనే రాష్ట్రాలు విడిపోయి, బళ్ళారి మైసూరు వైపు, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్ర వైపు పోయినా, తలుపులు మాత్రం అందరివీ అవే.

ఆగస్టు 10 రాత్రి పదకొండు గంటల ప్రాంతంలో మధ్యకు దగ్గరగా ఉన్న 19వ గేటు గొలుసు తెగింది. గేటు కొట్టుకుపోయింది. జలాశయం అప్పటికి నిండి ఉంది, 105 టీఎంసీలు. ఆ ఒక్క కంతలోంచే సుమారు 35 వేల క్యూసెక్కులు పోతుంటే, ఆ గేటు చుట్టూ ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తి లక్ష క్యూసెక్కుల దాకా వదిలారు. మూయడానికి ముందు తెరవాల్సి రావడం నాకు ఆరోజు వింతగా తోచింది. 

మొదట వినబడిన మాట నిరాశగానే ఉంది. గేటు అడుగు కనబడేదాకా, అంటే నీటిమట్టం 20 అడుగులు దిగేదాకా ఆగాలి, దాదాపు 60 టీఎంసీలు వదిలేయాలి అన్నారు. ఖరీఫ్ నారు మడుల్లో ఉంది. ఆ మాట విన్న రైతు ముఖం ఎలా ఉంటుందో కంప్లి, సిరుగుప్ప రోడ్ల మీద అప్పుడు ఎవరిని చూసినా తెలిసేది. అలాంటప్పుడు వచ్చినవారు కన్నయ్యనాయుడుగారు. చిత్తూరు జిల్లా మనిషి, దేశమంతటా ఆనకట్టల గేట్లు చూసిన నిపుణుడు, అప్పటికే డెబ్బై దాటిన వయసు. నీళ్ళు పారుతుండగానే మూస్తానన్నారు.

ఎలా మూశారన్నది చూస్తే నాకు ఆదోని అంగడే గుర్తొచ్చింది. ఇరవై అడుగుల గేటును ఒక్క ముక్కగా దింపే ప్రయత్నం ఆయన చేయలేదు. దాన్ని నాలుగేసి అడుగుల ఎత్తున్న ఐదు ఇనుప పలకలుగా విడగొట్టారు. వీటినే స్టాప్‌లాగ్‌లంటారు. అంగడి పలకలు నిలువు, ఇవి అడ్డం, తేడా అంతే. రెండు వైపులా రాతి స్తంభాల్లో గాడి, పైనుంచి క్రేన్‌తో ఒక్కో పలక దింపడం. హోసపేట వర్క్‌షాపుల్లో, మా తోరణగల్లు ఉక్కు కర్మాగారంలో రాత్రీపగలూ పని చేసి పలకలు తయారుచేశారు. టన్నుల కొద్దీ బరువున్న ఇనుప దిమ్మెలు ట్రెయిలర్ల మీద కట్ట పైకి ఎక్కాయి. మొదటి ప్రయత్నంలో పలక కూర్చోలేదు. పైన ఉన్న కట్టడాలు అడ్డొచ్చాయి, వాటిని కోసి తీశారు. ఆగస్టు 16న మొదటి పలక నీళ్ళలో దిగింది. కింద పారుతున్న నీటి ఒత్తిడికి అది గాడికి ఒరుసుకుంటూ దిగడం, దాన్ని నడిపిస్తున్న కార్మికులు అంచున వంగి చేతులతో సైగలు చేయడం టీవీలో చూసినవాళ్ళు మర్చిపోరు. 17 నాటికి ఐదూ దిగాయి. డెబ్బై టీఎంసీల దాకా నీళ్ళు నిలిచాయి, ఆ తర్వాత వానలకు జలాశయం మళ్ళీ నిండింది కూడా.

ఇది ఎంత పెద్ద పనో తెలియాలంటే 1995 జులై 17న కాలిఫోర్నియాలో ఫోల్సమ్ ఆనకట్టకు జరిగింది చూడాలి. అక్కడ మూడో గేటు విరిగితే, సరస్సులో దాదాపు 40 శాతం నీరు పోయాక గానీ అదుపులోకి రాలేదు. డబ్బుకూ యంత్రాలకూ లోటులేని దేశమది. కారణమేమిటని తవ్వితే గేటు తిరిగే ఇరుసు దగ్గర రాపిడి, చాలని గ్రీజు, తుప్పు తేలాయి. గొలుసైనా ఇరుసైనా, చివరికి బయటపడేది ఎవరూ చూడని ఒక చిన్న భాగమే.

కన్నయ్యనాయుడుగారి మీద నాకున్న గౌరవం ఎంతో, ఒక ప్రశ్న కూడా అంతే బలంగా ఉంది. ఆ ఐదు పలకలు గేటు పోయాక ఎందుకు తయారుచేయాల్సి వచ్చింది? డెబ్బై ఏళ్ళ వయసున్న 33 తలుపుల ఆనకట్టకు అడ్డుపలకల జత ఒక్కటి షెడ్డులో ముందే ఉండాల్సింది కాదా? ఆనకట్ట పక్కనే తుంగభద్ర స్టీల్ ప్రొడక్ట్స్ అనే ప్రభుత్వ సంస్థ 1960 నుంచి దేశానికి గేట్లు చేసిపెట్టింది. అది మూతపడి కొన్నేళ్ళయింది. పులిచింతలలో 2021 ఆగస్టు 5న 16వ గేటు పోయినప్పుడు స్టాప్‌లాగ్‌లు దించి ఆపగలిగారు. మరుసటి ఏడు గుండ్లకమ్మలో కూడా ఒక గేటు కొట్టుకుపోయింది. అంటే ఇది ఎక్కడో ఎప్పుడో వచ్చే విపత్తు కాదు, కర్ణాటక, ఆంధ్ర రెండు రాష్ట్రాల ఎల్లల్లోనే మళ్ళీమళ్ళీ వస్తున్నది. 2021 నాటి డ్యాం సేఫ్టీ చట్టం ప్రతి పెద్ద ఆనకట్టకూ అత్యవసర ప్రణాళిక ఉండాలంటుంది. ఆ ప్రణాళిక కాగితంలో మొదటి పేజీ మీద పలకలు ఏ షెడ్డులో ఉన్నాయో, క్రేన్ ఎక్కడినుంచి వస్తుందో రాసి ఉండాలని నా కోరిక. ఇంటికైతే నేను కోరేది ఇంకా చిన్నది: రెండు ప్లైవుడ్ చెక్కలు, నాలుగు అడ్డకర్రలు, ఎనిమిది పొడుగు బోల్టులు, ఒక స్పానరు, ఒక టార్పాలిన్ పట్ట. బడికి, అంగన్‌వాడీకి, ఆరోగ్య ఉపకేంద్రానికి ఇంకో జత. మంచి సైకిలు ఖరీదుకు మించదు.

మూసినదాన్ని మర్చిపోవడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే తాత్కాలికపు పనికి చెడ్డపేరు అక్కడే వస్తుంది. నేనెరిగిన ఒక వసతి గృహంలో గాలివానకు పోయిన కిటికీలకు కొట్టిన రేకులు ఏళ్ళ తరబడి అలాగే ఉన్నాయి. పిల్లలు పగలు కూడా బల్బు కింద చదువుకుంటున్నారు, వేసవిలో గది కాగుతోంది. ఆ రేకులు కొట్టినవాడు మంచి పనే చేశాడు, విప్పాల్సినవాడు రాలేదు. చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు ఇంతకన్నా దారుణం. ఐదు గేట్లలో ఒకటి ముందే పనిచేయడం మానేసింది. దాన్ని బాగుచేయకుండానే ఏడాది గడిచింది. 2021 నవంబరు 19 వేకువన వచ్చిన వరదకు దారి చాలక మట్టికట్ట తెగింది. పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట ఊళ్ళ మీద నీళ్ళు పడ్డాయి, పదుల సంఖ్యలో మనుషులు పోయారు. తెరుచుకోవాల్సిన సమయానికి తెరుచుకోని తలుపు కూడా విరిగిన తలుపే.

మా వడ్రంగి చెక్క బిగించాక దానిమీద పెన్సిలుతో తేదీ వేస్తాడు. ఎందుకని ఒకసారి అడిగాను. “ఎన్ని దినాలైందో మీకే కనబడల్ల కదా సార్” అన్నాడు. ఆ అలవాటు ప్రభుత్వాలకు కూడా రావాలని మనసారా కోరుకుంటాను. 19వ గేటు దగ్గరి స్టాప్‌లాగ్ 2025 వానాకాలానికి కూడా అక్కడే ఉంది. మిగతా గేట్ల బలం మీద నమ్మకం చాలక ఆ ఏడు నిల్వను 80 టీఎంసీల దగ్గరే ఆపాలని నిర్ణయించారు. అంటే నదిలో నీళ్ళున్నా పట్టుకోలేక వదిలేసినవి 25 టీఎంసీలకు పైమాట. గేట్లన్నీ మార్చాలంటే జలాశయం ఖాళీగా ఉండాలి, జలాశయం ఖాళీగా ఉండాలంటే రెండో పంట ఉండకూడదు. ఆ లెక్క సిరుగుప్ప రైతుకు తెలుసు, ఉరవకొండ రైతుకు తెలుసు. ఒక్కసారికి భరిస్తాం, గేట్లు మాత్రం గట్టివి పెట్టండని ఇద్దరూ ఒకే మాట అన్నారు, ఒకరు కన్నడంలో, ఒకరు తెలుగులో.